ఐదో గీత

మా నాయన పరంధామయ్య పోయి మూడు నెలలయింది. బంగారుపాళ్యం దగ్గర మా చేనిమీద పడే అడవిపందుల కోసం ఆయన ఉంచుకున్న తుపాకీ లైసెన్సు ఇప్పుడు మా తమ్ముడు మునికుమార్ పేరుకు మారింది. తుపాకీ వచ్చింది గానీ నాయన ఓపిక వాడికి రాలేదు.

కాల్చిన తూటాల ఇత్తడి గొట్టాలను నాయన పారేసేవాడు కాదు, మళ్లీ మందు కూరుకునేవాడు. కాల్చినప్పుడల్లా అడుగున మేకుతో ఒక గీత గీసేవాడు. రెండేసి తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టి చూసేవాడు. ఖంగుమంటే మంచిది, బొంగురుపోతే పగిలింది. ఐదో గీత పడిందంటే ఎండిన బావిలో వేసేవాడు. "ఆశపడి ఆరోసారి కాలిస్తే కన్ను పోతాది" అనేవాడు. మిగతావి రాగుల డబ్బాలో పెట్టి అటకెక్కించేవాడు. ఆవుల కొట్టం దరిదాపులకు రానిచ్చేవాడు కాదు. ఆవుల మూత్రం, ఆ పంచితం ఘాటుకు ఇత్తడి దానంతటదే చిట్లుతుందట.

మావాడు డబ్బా ఇంకోదానికి కావాలని గొట్టాలన్నీ సంచిలో కట్టి సరిగ్గా ఆ కొట్టంలోనే తగిలించాడు. ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

మొన్న మధ్యాహ్నం సంచి దించి నేలమీద పోసి చూశాను. రెండు మూడు గీతలు ఉండాల్సినవాటికి కూడా ఐదేసి ఉన్నాయి. కొత్త గీతలు తళతళమంటున్నాయి. తమ్ముణ్ణి పిలిచి చూపించాను.

"నువ్వే గీసింటావులే అక్కా," అన్నాడు మునికుమార్.

"నాకేం పన్లేదనుకుంటివా?" అని కసిరాను.

వాడు నవ్వుతూ రెండు తీసి కొట్టాడు. ఖంగుమన్నాయి.

"సూడు, బాగుండాయి."

ఆ మాట ముగిసేలోపే, ఎవరూ తాకని గొట్టమొకటి నేలమీద టక్కుమని మూతి దగ్గర చిట్లింది.

"తుపాకీలో ఏమన్నా ఉండాదా?" అడిగాను.

"ఒకటుండాది. వారం ముందు పెట్టినా. రెండు గీతలదే. తుపాకీ పెట్టె తాళంచెవి నా మొలతాడుకే ఉండాది."

పెట్టె తెరిచి తూటా బయటికి లాగాడు. అడుగున ఐదు గీతలున్నాయి.

"నాయనే అక్కా," అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ ఏడుపొచ్చింది.

దాన్లోని మందూ గుళ్లూ తీసేసి, అన్నిటినీ తీసుకుపోయి ఎండిన బావిలో పోశాం. గలగలమని అడుగున పడ్డాయి. నాలుగడుగులు వేశామో లేదో, లోపలినుంచి చప్పుడు. రెండేసి తీసుకుని ఎవరో తీరిగ్గా కొట్టి చూస్తున్నారు. ఒకటి బొంగురు. ఇంకొకటి బొంగురు. చాలాసేపటికి ఒకటి ఖంగుమంది.

మునికుమార్ ఆగాడు. "మంచిదొకటి ఉన్నట్టుండాదక్కా," అన్నాడు.

వాడి జబ్బ పట్టుకున్నాను. "దాన్ని ఆయన్నే ఉంచుకోనీ," అన్నాను.