గిన్నె తొడుగుల వాయనం

శ్రావణ శుక్రవారం పేరంటానికి వచ్చినవాళ్ళకి మళ్ళీ ప్లాస్టిక్ డబ్బాలే పంచడమంటే వాసంతి ససేమిరా అంది. మైక్రోవేవ్‌లో గిన్నె కింద పెట్టుకుని, కాగాక చెయ్యి కాలకుండా గిన్నెతో సహా ఎత్తుకునే గుడ్డ తొడుగులు తనే కుట్టింది. పైన నూలు గుడ్డ, లోపల దూది, కుట్టడానికీ నూలు దారమే. పాలిస్టర్ కరుగుతుందనీ, లోహపు పోగుంటే నిప్పు రాజుకుంటుందనీ చదివింది కాబట్టి, ప్రతి తానులోంచీ పోగు లాగి కాల్చి చూపించమని కొట్టతని ప్రాణం తోడేసింది.

పేరంటాళ్ళు వెళ్ళిపోయారు. నల్లగండ్ల ఫ్లాట్‌లో మిగిలిన శనగలతో అత్తాకోడళ్ళిద్దరే ఉన్నారు. అప్పుడు అత్తగారు పుణ్యవతి మురిసిపోతూ అసలు సంగతి బయటపెట్టింది.

"నువ్వు ఆఫీసుకెళ్ళినప్పుడు ప్రతిదానికీ ఓ మూల కుట్టు విప్పి, నా పెళ్ళిచీర జరీ ముక్క లోపల పెట్టి కుట్టానమ్మాయ్. శుక్రవారం పూట ముత్తైదువ చేతిలో బోసి గుడ్డ పెడతామా? అసలు వెండి జరీ అది!"

వాసంతి గభాల్న లేచింది. "అయ్యో అత్తయ్యగారూ! వెండి మైక్రోవేవ్‌లోకి వెళ్తే నిప్పురవ్వలు లేస్తాయండీ. గుడ్డ అంటుకుంటుంది. ఇప్పుడే అందరివీ వెనక్కి తీసుకోవాలి."

"ఊరుకో. ఇచ్చిన వాయనం వెనక్కి అడుగుతారుటే ఎక్కడైనా? అరిష్టం. రేపు మెల్లిగా వాడొద్దని చెబుదువుగాని."

రేపటిదాకా ఆగేదెవరు? పక్క టవర్‌లో ఉండే ఉమాశ్రీ వెళ్తూ వెళ్తూ, "మా బుజ్జి సాయంత్రం పాలు తనే వేడి చేసుకుంటుందండీ, ఇక చెయ్యి కాలదు" అని సంబరపడింది. వాసంతి ఆమెకి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. అందరికీ మెసేజ్ పెట్టింది. ఒక్కరూ చూడలేదు. ఇక చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది. "అడక్కే, నా మాట వినవే" అంటూ వెనకే పుణ్యవతి. మాయదారి లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగింది.

తలుపు తీసింది బుజ్జే. అమ్మ గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆఫీసు కాల్‌లో ఉందట. వంటింట్లో మైక్రోవేవ్ తిరుగుతోంది. లోపల చిటపటమని నీలి మెరుపులు. వాసంతి ఒక్క గెంతులో స్విచ్ కట్టేసింది. పొగ తగ్గేదాకా ఆగి తీసి చూస్తే, తొడుగు ఓ మూల బొగ్గయి ఉంది.

బుజ్జి ఏడుపందుకుంది. "నేనేం చెయ్యలేదు మామ్మగారూ. పాలే పెట్టాను."

పుణ్యవతి ఆ పిల్లని దగ్గరికి లాక్కుంది. "నువ్వేం చెయ్యలేదు తల్లీ, నేనే చేశాను. ఆ వాయనం నాకిచ్చెయ్యమ్మా."

కాలిన తొడుగు కొంగులో చుట్టుకుంది. ఉమాశ్రీ వాళ్ళ ఎదురింటావిడ కూడా పేరంటానికొచ్చింది. వాసంతి ఇంకా ఉమాశ్రీ గది తలుపు కొడుతుండగానే, పుణ్యవతి వెళ్ళి ఆ ఎదురింటి బెల్లు నొక్కింది.