మసి అంటని పొయ్యి

"కళ్ళు అట్లా తుడుచుకుంటావేందే, ఇంట్లో ఎవరో పోయినట్టు?" అన్నాడు ఆయన, పప్పన్నం కలుపుకుంటూ. నేను పొయ్యి ముందు కూర్చుని పత్తికట్టె మోకాలికేసి విరుస్తున్నాను. పొగకి కాకపోతే మరెందుకు తుడుచుకుంటాను, ఈయనగారి మీద ప్రేమ పొంగుకొచ్చా? గోడకి ఆనుకుని కూర్చున్న మా అత్త ఆదెమ్మ నా బదులు జవాబు చెప్పింది. "నేను నలభై ఏళ్ళు తుడుచుకున్నారా ప్రభాకరం. ఇప్పుడు తుడుచుకుందామంటే చూపే లేదు." ఆయన నవ్వి, చారు పొయ్యమన్నాడు. ఆమెకి వెలుగూ నీడా తప్ప ఏమీ ఆనవు. గిన్నె చేతికందిస్తే తడుముకుని తింటుంది. ఈ ఇంటి పొయ్యి దగ్గర ఆమె వదిలిన పీట మీదే నేను కూర్చున్నాను.

మా ఆయన ప్రభాకరరావు బ్లాకులో ఓవర్సీరు. కారంపూడికి నాలుగు మైళ్ళ అవతల మా కాపురం. అరవై ఒకటిలో మా బ్లాకుకి పొగ రాని పొయ్యిల స్కీము వచ్చింది. పై ఆఫీసు నుంచి బొమ్మ గీసిన కాగితం చుట్ట వస్తే ఆయన మంచం మీద పరిచాడు. అది మళ్ళీ చుట్టుకుపోకుండా రెండు కొసలూ పట్టుకుని నిలబడటం నా వంతు. సిమెంటు దిమ్మె, దాని మీద రెండు గిన్నెలకి రెండు కళ్ళు, కట్టె పెట్టటానికి బెత్తెడు నోరు, కప్పు దాటి పైకి పోయే రేకు గొట్టం. నిజం చెప్పొద్దూ, చూడగానే సంతోషమేసింది. లోకంలో ఎవరో ఒకరికి మా పొగ గుర్తొచ్చిందిగదా అనుకున్నాను. తర్వాత ఆ నోటి కొలత చూశాను.

"ఈ బొమ్మ గీసినాయన ఇంట్లో ఏం తగలేసి వండుతారండీ?" అని అడిగాను.

"చీల్చిన కట్టె. ఎక్కడైనా అంతేగా."

"చీల్చటానికి మనకి చెట్లేవి? పత్తికట్టె, కందికట్టె, వానాకాలమైతే తడి పిడకలు. అవి ఆ నోట్లో పట్టాలంటే పొద్దస్తమానం విరుస్తా కూర్చోవాల. గొట్టం మసి పట్టి పూడుకుపోతే ఎవరు దిగదీస్తారు? దిమ్మె పగిలితే అతకటానికి సిమెంటు ఏ ఇంట్లో ఉంది?"

"ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. అందరూ మెచ్చుకున్న డిజైను ఇది. ఎనిమిదో క్లాసు చదివి ఇంజనీర్లకి చెబుతావా? కొసలు సరిగ్గా పట్టుకో."

పట్టుకున్నాను. మాచర్ల మిషన్ బడిలో ఎనిమిదో క్లాసు దాకా చదివిన నాకు ఆ ఇంట్లో దొరికిన పని అదే.

మొదటి దఫా అరవై రెండు ఇళ్ళు. పాత పొయ్యి పగలగొడితేనే కొత్తది కడతామని షరతు. మా వంటింట్లో మాత్రం నమూనాకని, ఆ లెక్కలో లేకుండా, పాతదాని పక్కనే ఒకటి కట్టించాడు. కట్టిన మూడు నెలలకి ఇంటింటికీ వెళ్ళి ఎట్లా ఉందో రాసుకురావాలి. వంటింట్లోకి పరాయి మగవాడు ఎట్లా వస్తాడు? ఆడ ఉద్యోగిని వెయ్యలేదు. ఉన్నానుగదా నేను, జీతం బత్తెం లేనిదాన్ని. పొద్దున్నే వంట ముగించి, అత్తకి పెట్టి, గేదెకి కుడితి పోసి, రిజిస్టరు చంకన పెట్టుకుని ఆయన సైకిలు వెనక నడిచిపోయేదాన్ని. ఆయన గుమ్మంలో నిలబడతాడు, నేను లోపలికెళ్ళి అడుగుతాను. "బాగుందా అమ్మా?" "బాగుందమ్మా, చానా బాగుంది." అరవై రెండు ఇళ్ళలోనూ ఇదే మాట.

మా వైపు జనం అంతే. ఊరికే ఇచ్చినదానికి ఇచ్చినవాళ్ళ మొహాన వంక పెట్టరు. చుట్టాలింట్లో కూర ఉప్పు కషాయమైనా, బాగుందని మెచ్చుకుని చెంబెడు నీళ్ళు తాగి లేస్తారు. ఆ సంగతి ఆయనకి తెలియదా? తెలుసు. ఆయనా ఇక్కడివాడే. కానీ కాగితం మీద పడ్డాక మర్యాద కూడా నిజమైపోతుంది కాబోలు.

పైగా ఆ పొయ్యిలు చూసి ఆయన మురిసిపోయాడు. ప్రతి ఇంట్లోనూ దిమ్మె తళతళలాడుతోంది. కొందరు సున్నం పూశారు, కొందరు పైన ముగ్గు వేశారు. ఒకామె గొట్టానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. "చూశావా, మన ఆడవాళ్ళకి శుభ్రం నేర్పాను" అన్నాడు. అన్నం వండే పొయ్యి అట్లా ఉంటుందా? పొంగిన గంజి చారలేవి, బూడిదేది, మసేది? దొడ్డివైపు తొంగిచూస్తే మూడు రాళ్ళు, నల్లగా. ప్రతి దొడ్లోనూ అంతే. చూస్తూ చూస్తూ, "వాడుతున్నారు, బాగుంది" అని గుండ్రంగా రాశాను. ఆయన పేరు చెడుతుందని రాశాను. ఇంట్లో రచ్చవుతుందని రాశాను. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు.

క్రైస్తవ పాలెంలో ఎలిజబెత్ ఇల్లు ఆ అరవై రెండింట్లో ఒకటి. మొగుడు ఏలియాది పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పని, నెలకోసారి వస్తాడు. ఆమెకప్పుడు ఆరో నెల. రెండు రోజులాగి ఒక్కదాన్నే వెళ్ళాను.

"ఎందుకే అబద్ధం చెప్పావు?"

"సారు గుమ్మంలో నిలబడితే ఏం చెప్పమంటావక్కా? నువ్వు మాత్రం నిజం రాసుండేదానివా?"

ఆమె కూర్చోబెట్టి చెప్పింది. పాత పొయ్యికి రోజుకి మోపు కట్టె సరిపోయేది. దీనికి మోపున్నర. అడుగు గుండ్రంగా ఉన్న సంగటి కుండ ఆ కంట్లో కూర్చోదు, పక్కనుంచి పొగ కొడుతుంది. పత్తికట్టె మాఘమాసానికే అయిపోతుంది. ఆ తర్వాత కొండకి పోవాలి. మా అత్త కాపురానికొచ్చిన రోజుల్లో కంప పొలం గట్టునే దొరికేదట. ఇప్పుడు కొండ మొదట్లోనూ లేదు, పైకెక్కాలి. "ఈ కడుపేసుకుని రోజూ ఎక్కలేనక్కా. రాళ్ళ మీద వండుకుంటే మోపుతో సరిపోతుంది. వాన పడితే మాత్రం పస్తే. బిడ్డ పుట్టేది శ్రావణంలో, పచ్చి బాలింతరాలిని బయట రాళ్ళ దగ్గరెట్లా కూర్చునేది?" అని ఏడ్చింది. ఇంట్లో పాత పొయ్యి ఉంటే ఈ గొడవే లేదు. దాన్ని దగ్గరుండి పగలగొట్టించింది మా ఆయన, పగిలిందని టిక్కు పెట్టింది నేను.

ఆ రోజు నుంచి, మనకి పనికొచ్చే పొయ్యి మనమే కడదామని, మా దొడ్లో నేనూ ఎలిజబెతూ మట్టి తొక్కాం. పుట్టమన్ను, ఊక, పేడ. అంట్లు తోమిన తర్వాత, గేదె పాలు పితికే లోపల దొరికే ఆ కాస్త పొద్దులోనే. నోరు వెడల్పు చేసి ఏటవాలుగా దించాం, విరవని నిలువు పుల్ల కాలేకొద్దీ దానంతటదే జారేట్టు. మొదటిది పొగంతా ఎదురు తన్నింది. రెండోది నెర్రెలు బారింది. మూడోదానికి మంట గొట్టంలోకి పోయి గిన్నె వేడెక్కలేదు. రోజూ ఎన్ని పిడికిళ్ళ కట్టె పట్టిందో గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టాను. గొట్టానికి కుమ్మరి బాలకోటయ్య అడుగు లేని కుండలు చేసిచ్చాడు. ఒకదాని మీద ఒకటి. కింది కుండ ఊడదీసి మసి దులుపుకుని మళ్ళీ పెట్టుకోవచ్చు. పగిలితే దొడ్లో మట్టే మందు. నాలుగోది కుదిరింది. అరమోపుతో అన్నం, కూర, కాగుడు నీళ్ళు. మా అత్త పక్కన కూర్చుని, "పొయ్యి వెలిగించలేదేందే, పొద్దెక్కింది" అంది. అప్పటికి అన్నం ఉడికిపోయింది. ఆమె చేతులు పట్టుకుని పిచ్చిదానిలాగా నవ్వాను.

ఆయన్ని పిలిచి చూపించాను. చుట్టూ తిరిగి చూశాడు. వంగి పొగ కోసం వెతికాడు. బాగుందని ఆయన కళ్ళల్లో కనపడింది, ఆ ఒక్క క్షణం నాకు మా పెళ్ళినాటి మనిషి కనిపించాడు.

"దీన్ని పైకి ఎట్లా పంపేది? ఎస్టిమేటు ఏది?" అన్నాడు తర్వాత. "మట్టి దొడ్లోది, పేడ గేదెది, పని మీది. ఆడోళ్ళు మట్టి తొక్కటానికి రేటు ఏ పుస్తకంలో ఉంది?"

"రేటు లేకపోతే అది పని కాదా?"

"కాదు" అన్నాడు, మామూలుగానే. కోపంగా అన్నా బాగుండేది.

ఆషాఢం చివర్లో గుంటూరు నుంచి లక్ష్మీకాంతం గారని పెద్ద ఇంజనీరు వచ్చారు. పొయ్యిలు చూసి, నచ్చితే వచ్చే ఏడు ఇంకో ఆరువందలకి సంతకం పెడతారు. ఆరువందల పాత పొయ్యిలు పగులుతాయి. మా ఆయనకి సూపర్‌వైజరు ప్రమోషను. "నువ్వు రిజిస్టరు పట్టుకుని నిలబడు. అడిగితే బాగుందని చెప్పు, అంతే" అని ముందురోజే పాఠం చెప్పాడు. మొదటి ఇల్లు ఎలిజబెత్‌ది. అప్పటికామెకి నెలలు దగ్గరపడ్డాయి. నడుం పట్టుకుని గోడవారన నిలబడింది.

"అబ్బ, ఎంత శుభ్రం! మా ఇంట్లో కూడా ఇట్లా ఉండదు" అన్నారు లక్ష్మీకాంతం గారు. "ఏమ్మా, బాగుందా?"

"బాగుందయ్యా" అంది ఎలిజబెత్, నా వంక చూస్తూ.

ఆయన నా చేతిలో రిజిస్టరు తీసుకుని పేజీలు తిప్పారు. "నువ్వేనా రాసింది? ముత్యాల్లాంటి అక్షరాలు." మా ఆయన మొహం వెలిగింది.

"దాని నోట్లో ఒక్కసారి చెయ్యి పెట్టి చూడండయ్యగారూ" అన్నాను.

ఆయన వింతగా చూసి, వంగి చెయ్యి పెట్టారు. తీసి చూసుకున్నారు. "ఏముంది? ఏమీ లేదే."

"అందుకే పెట్టమన్నాను. వండే పొయ్యి అయితే చేతికి మసి అంటాల. కట్టిన్నాటి నుంచి దీంట్లో అగ్గి పడలేదు. అరవై రెండు ఇళ్ళల్లోనూ ఇంతే. బాగుంది అని రాసింది నేనే. అరవై రెండు అబద్ధాలు రాశాను."

మా ఆయన "గ్రేసమ్మా!" అని అరిచాడు. నేను ఆగలేదు. ఏ కట్టె కాలుస్తామో, మసి ఎవరు తీస్తారో, పగిలితే ఎవరు అతుకుతారో బొమ్మ గీయకముందే అడగాల్సిందని చెప్పాను. మట్టిపొయ్యి చూడటానికి మా ఇంటికి రమ్మన్నాను. ఆయన ఓపిగ్గానే విన్నారు. తర్వాత చెయ్యి రుమాలుకి తుడుచుకున్నారు, మసి లేకపోయినా.

"నువ్వు చెప్పేది సబబేనమ్మా. కానీ సిమెంటు వచ్చేసింది. మార్చిలోగా కట్టకపోతే పైవాళ్ళకి నేను జవాబు చెప్పుకోవాల" అని, జీపు బానెట్టు మీద కాగితం పెట్టి సంతకం చేశారు.

ఇంటికొచ్చాక, "నా నోట్లో మట్టి కొట్టావు గదే" అన్నాడు ఆయన. నేరుగా దొడ్లోకి వెళ్ళి మట్టిపొయ్యిని బూటుకాలితో తన్నాడు. నాలుగు తన్నులకి కూలింది. కుండలు ఒకదాని మీద ఒకటి పడి పగిలాయి. మా అత్త ఆ చప్పుడుకి, "ఏంది పగిలింది? ఏంది?" అని అడుగుతూనే ఉంది. "ఇవ్వాళ్టి నుంచి సిమెంటు పొయ్యి మీదే వంట" అన్నాడు ఆయన.

సరేనన్నాను. దాచి ఉంచిన పత్తికట్టె తెచ్చి, పొయ్యి పక్కన ఆయనకి పీట వేశాను. "మీరు కట్టిన పొయ్యి. అన్నం ఉడికిందాకా పక్కన కూర్చోండి." పంతానికి కూర్చున్నాడు. ఎసరు మరగకముందే దగ్గుకుంటూ లేచి అరుగు మీదికి పోయాడు. నేను అన్నం వార్చేదాకా లేవలేదు. ఏడ్చాను కూడా, పొగకి కొంత, ఆ ఆరువందల పొయ్యిలకి కొంత. అత్తకి పెట్టి, ఆయనకి మూతపెట్టాను. రిజిస్టరు తీసుకెళ్ళి ఆయన పక్కన అరుగు మీద పెట్టి, ఇక నేను రాయనని చెప్పాను. చూరు కింద ఉన్న పలుగు తీసుకున్నాను.

"పలుగెందుకు? ఎలిజబెత్ ఇంటికా? అది సర్కారు పొయ్యి. దాని మీద చెయ్యి వేశావంటే నా ఉద్యోగం పోద్ది" అన్నాడు. ఆ గొంతులో కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది. జాలి వేసింది కూడా. అయినా మెట్లు దిగాను. ఆ దిమ్మె చోట కట్టే మట్టిపొయ్యి ఆరటానికి పది రోజులు పడుతుంది, ఎలిజబెత్ కాన్పుకి అంతకంటే ఎక్కువ వ్యవధి లేదు.