తిట్లు మాత్రమే చదివే మనిషి

శుక్రవారం నుంచే సెలవు. ఎడారిలోని రెండు ఖరీదైన రిసార్టుల్లో ఏదో ఒకటి ఇవాళ ఖాయం చేయకపోతే, నిరుడులాగే ఈసారీ సెలవంతా ఇంట్లో కుళాయిలు బిగించడంతోనే సరిపోతుందని ఆవిడ భయం.

ఆవిడ భర్త లిఫ్టులు తనిఖీ చేసే ఇంజనీరు. దేన్నయినా లోపాల వైపు నుంచే చూడటం అలవాటు. అందుకే ఫోనులో ఆ రిసార్టుల గురించి అతిథులు రాసిన పొగడ్తలన్నీ దాటేసి, తిట్లు మాత్రం పైకి చదువుతున్నాడు.

“మొదటిదాంట్లో గదిలోకి ఇసుక వస్తోందట.”

“ఎడారి కదండీ, మరి పిండి వస్తుందా?”

“రెండోది మరీ నిశ్శబ్దమట. ఎవరికో నిద్రే పట్టలేదట.”

“మీ గురక వెంట వస్తోందిగా, ఆ లోటుండదు లెండి.”

ఆయన మళ్ళీ మొదటిదానికి వెళ్ళాడు. ఆవిడ కూర్చుంది, లేచింది, మడిచిన బట్టలే మళ్ళీ మడిచింది. చివరికి ఫోను లాక్కుని రెండోదాని మీద నొక్కేసింది. గది ఖాయమైందని కబురొచ్చింది.

“పోన్లే, ఓ పనైపోయింది,” అంటూ ఆయన ఈలేసుకుంటూ స్నానానికి వెళ్ళాడు.

ఆవిడ పొయ్యి మీద పాలు పెట్టింది. మరీ నిశ్శబ్దమంటే ఎంత నిశ్శబ్దమో? ఆ నిద్రపట్టని మనిషి ఇంకేం రాశాడో ఊరికే చూద్దామని ఫోను తీసింది. పాలు పొంగిపోయినా తలెత్తలేదు.