ఆర్లిస్ బండి వెనక తలుపు

మూడో మలుపులో మట్టికి కరుచుకుపోయిన బంపరు ముక్కను ఊడబెరికి, పికప్ ట్రక్కు తొట్టిలోకి విసిరి, ఆర్లిస్ వోగెల్ బండెక్కాడు. బండి కదిలిందో లేదో, ముక్క వెనక నుంచి జారి మళ్ళీ ట్రాక్ మీదే పడింది. స్టాండులో పందెం చూసే జనం చప్పట్లు కొట్టారు.

"నీ దుంప తెగ," అన్నాడు. బంపరునన్నాడో, చప్పట్లనన్నాడో, ముప్పై ఏళ్ళ పైగా ఆ బండికి లేని వెనక తలుపునన్నాడో ఆయనకే తెలియదు.

దిగాడు. దిగడం ఇప్పుడు పెద్ద పని. కుడికాలు నేల మీద ఆనించి, స్టీరింగు పట్టుకుని, పట్టేసిన మోకాలిని బతిమాలుకోవాలి. పొడుగు మనిషే. వంగి వంగి ఏరడంతో ఆ పొడుగంతా గూనిలోకి పోయింది. మెడ వెనక చర్మం ఎండకు కాలి, ఎండిన మొక్కజొన్న పొత్తు తొడుగులా గీతలు తేలింది. పొద్దున్నుంచీ ఎడమ భుజం లాగుతోంది. నిన్న టైర్లు మోయించినందుకు, పందేలు నడిపే జోనెల్‌ని తిట్టుకున్నాడు.

కాటన్‌వుడ్ బెండ్ స్పీడ్‌వేలో ఆయన పని అదే. పసుపు జెండా ఊపగానే పందెం బండ్లు నెమ్మదిస్తాయి. ఆర్లిస్ లోపలికి పోయి ఊడిపడ్డ అద్దాలూ, రేకులూ ఏరుకుని బయటికి రావాలి. వస్తూ వస్తూ సగం మళ్ళీ కింద పోస్తాడు. మామూలుగా శనివారాలు కార్లు తిరుగుతాయి. వాటికి కౌంటీలో సగం మంది కూడా రారు. సెప్టెంబరులో వచ్చే లేబర్ డే ముందు ఆదివారం నాటి ట్రక్కుల పందేనికి మాత్రం పాలు పితికేవాళ్ళు కూడా ఆవులను తొందరపెట్టి వచ్చేస్తారు. దాన్ని అందరూ తలుపు పందెం అంటారు. ఆ తలుపు ఆర్లిస్‌ది.

మొదటి ఏడాది అసలు ట్రక్కుల పందెమే లేదు. బహుమతి ఎక్కువని కార్ల వాళ్ళంతా పక్క కౌంటీకి పోయారు. ఇక్కడ స్టాండు నిండా టికెట్లు కొన్న జనం. స్పీడ్‌వే కట్టిన హాయిట్ మైకు పట్టుకుని, "బయట ట్రక్కు నిలిపినవాళ్ళు ఎవరైనా సరే, లోపలికి తోలుకు రండి!" అని అరిచాడు. రైతుల బండ్లు ఓ డజను వచ్చాయి. ఆర్లిస్ వచ్చింది తినుబండారాల కొట్టుకు మొక్కజొన్న పొత్తులు దింపడానికి. పొత్తులతోనే పందెంలోకి దిగాడు. మూడో మలుపులో వెనకవాడు గుద్దితే తలుపు ఊడి గాల్లోకి లేచింది. పొత్తులు ట్రాక్ నిండా పరుచుకున్నాయి. ఆర్లిస్ అందరికంటే ఆఖరున వచ్చాడు. గెలిచినవాడికి ఇద్దామంటే కప్పు లేదు. హాయిట్ అటూ ఇటూ చూసి, మట్టిలో పడున్న తలుపెత్తి వాడి చేతిలో పెట్టాడు. జనం లేచి నిలబడి ఈలలేశారు.

"ఈ ఒక్క ఏడాదికే, ఆర్లిస్," అన్నాడు హాయిట్. ఆ పొత్తులు కూడా ఏరెయ్యమన్నాడు. ఏరాడు. ఆ ఏరడమే ఉద్యోగమైపోయింది.

తలుపు మాత్రం తిరిగి రాలేదు. గెలిచినవాడు దాని మీద పేరు రాసుకుని ఏడాది ఉంచుకోవడం, మరుసటి ఏడు తెచ్చి ఇంకొకడికి అప్పగించడం ఆనవాయితీ అయింది. ఒకడు దాని మీద చేపలు కోశాడు. ఒకడు పందుల దొడ్డికి కట్టాడు. ఇంకొకడు రెండు పీపాల మీద పరిచి కూతురి పెళ్ళి విందు పెట్టాడు; ఆ విందుకు ఆర్లిస్‌ని పిలవనైనా లేదు. ఈలోగా ఆర్లిస్ భార్య లొరీనా కుట్టుమిషను తలుపు లేని బండిలోంచి జారి హైవే మీద ముక్కలైంది. ఆ చలికాలమంతా ఆమె మొగుడితో మాట్లాడలేదు. పోయేదాకా మరిచిపోనూ లేదు.

"పాతసామాన్ల యార్డులో ఇంకోటి కొనుక్కోవచ్చుగా?" అని అడగని మనిషి లేడు.

"నాది ఉండగా ఇంకోటి నేనెందుకు కొనాలి?" అనేవాడు.

హాయిట్ పోయాక కూతురు జోనెల్ పందేలు నడుపుతోంది. ఈసారి తలుపుకు బదులు ఇత్తడి కప్పు తెప్పించింది. మధ్యాహ్నం ఖీమా పెట్టిన బన్ను ఆయన చేతికిస్తూ మళ్ళీ మాటిచ్చింది.

"పందెం అవగానే తలుపు నీదే, బాబాయ్. ఒట్టు."

"మీ నాన్న కూడా ఒట్టే వేశాడు."

"మొహం అలా పాలిపోయిందేంటి? తిను ముందు."

"నా మొహం ఎప్పుడూ ఇంతే. నీ కప్పు సంగతి చూసుకో." బన్ను సగం తిని, మిగతాది జేబులో కుక్కుకున్నాడు.

సాయంత్రం పందెం టెస్సా ప్రూట్ గెలిచింది. స్కూలు బస్సు తోలే మనిషి. పిల్లల్ని అదలించి అదలించి గొంతు బొంగురుపోయింది. జోనెల్ అందించిన కప్పును తిప్పి తిప్పి చూసింది.

"ఇదేంటమ్మా, కాఫీ పోసుకోవడానికా? తలుపేది?"

స్టాండంతా కాళ్ళతో పలకల మీద తన్నడం మొదలెట్టింది. "తలుపు! తలుపు!" జోనెల్ మైకు పట్టుకుని నిలబడింది. ఆర్లిస్ మైదానానికి అడ్డంపడి నడిచి వచ్చాడు. వచ్చేసరికి ఆయాసం.

"పెద్దాయనా," అంది టెస్సా, "పెళ్ళి కాకముందు నుంచీ దీనికోసం తోలుతున్నా. ఒక్క ఏడాది ఉంచుకోనీ."

"అందరూ ఒక్క ఏడాదే అన్నారమ్మా! హాయిట్ అదే అన్నాడు. వాడు పోయాడు. అడిగి అడిగి విసిగిపోయి నా పెళ్ళామూ పోయింది. ఇంకెవర్ని అడగను? నా తలుపు నాకివ్వండి."

జోనెల్ మైకు ఆపలేదు. ఆ మాటలు స్టాండంతా విన్నది. విని కూడా 'ఊ...' అని గేలి చేసింది. అన్నేళ్ళలో లౌడ్‌స్పీకర్‌లో ఆయన గొంతు వినబడింది ఆ ఒక్కసారే.

టెస్సా జనం వైపు చూసింది, ఆయన వైపు చూసింది. "సరే, ఓ చెయ్యి వెయ్యి. బరువుంది," అని జోనెల్ వెనక ఆనించి ఉన్న తలుపు ఒక కొస ఎత్తింది.

ఇద్దరూ మోసుకెళ్ళి బండికి పెడితే, కీళ్ళు తుప్పు పట్టి ఒక పట్టాన కూర్చోలేదు. ఒకవైపు గొళ్ళెం వంగిపోయింది. ఆర్లిస్ గడ్డిమోపులు కట్టే తీగ తెచ్చి బిగించాడు. బిగిస్తున్నంతసేపూ సణుగుడే.

"ఇవన్నీ చేపల కత్తి గాట్లు. ఇక్కడ సుత్తితో కొట్టిన తలమాసినవాడెవడు?"

"మా నాన్న," అంది టెస్సా.

ఆర్లిస్ తీగ ఇంకో చుట్టు తిప్పాడు. తర్వాత, "రంగుందా? నీ పేరు కూడా రాసుకుని చావు. బయటివైపు కాదు, లోపలివైపు," అన్నాడు.

జనం కార్లెక్కి పోతుండగా ఆర్లిస్ ఆఖరి చుట్టు ఏరడానికి బయల్దేరాడు. మడ్‌గార్డు ముక్కలు, పగిలిన లైట్లు, ఎవరిదో పసిపిల్ల చెప్పు. ఒక్కోటి వేసి, బండి కదిలించి, అద్దంలో వెనక్కి చూసుకున్నాడు. ఏదీ పడలేదు. మళ్ళీ వేశాడు. మళ్ళీ చూసుకున్నాడు.

మూడో మలుపులో బండి ఆగడం జోనెల్ స్టాండు పైనుంచి చూసింది. ఎంతకీ కదలకపోతే మైకు తీసింది.

"బాబాయ్, తలుపు చూసుకుని మురిసింది చాలు. గేటు వెయ్యాలి. ఇంటికి పో."

ఇంజను ఆడుతూనే ఉంది. జోనెల్ విసుక్కుంటూ మెట్లు దిగి, దారి పొడుగునా తిట్టుకుంటూ అక్కడికి నడిచింది. ఆర్లిస్ సీట్లో వెనక్కి వాలి ఉన్నాడు. టోపీ ఒళ్ళో ఉంది. మొహం అద్దం వైపు తిరిగి ఉంది. జేబులోంచి బన్ను కాగితం పైకి తేలింది. జోనెల్ చెయ్యి చాపి ఇంజను ఆపింది.

ఆంబులెన్సు వాళ్ళు మొహం మీదిదాకా దుప్పటి కప్పి ఆయన్ని తీసుకుపోయాక, టోయింగ్ బండి వచ్చి పికప్‌ని ముందువైపు పైకెత్తి లాగింది. గేటు దగ్గర గతుకులో ఎప్పుడూ ఏదో ఒకటి పడుతుంది. జోనెల్ అలవాటు కొద్దీ చేతులు చాపి వెనకాలే నడిచింది. బండి గతుకులో పడి లేచింది. తొట్టిలో సామానంతా ఒక్కసారిగా వెనక్కి దొర్లి తలుపుకు ధడాలున కొట్టుకుంది. లోపలివైపు టెస్సా పేరు ఇంకా ఆరలేదు. తీగ కిర్రుమంది, తలుపు మాత్రం తెరుచుకోలేదు.