వల్లె వేసిన మాట

దూదిని ఏకే కార్డింగు యంత్రం కిందికి పాకి వెళ్ళి, నేల మీద పేరుకున్న దూది నూగును చీపురుతో ముందుకు లాగాడు అయ్యాసామి. ఊడ్చేవాడి కోసం యంత్రాన్ని ఆపరు. పైన పట్టీ తిరుగుతూనే ఉంటుంది. కింద మనిషి బల్లిలా నేలను కరుచుకుని తన పని ముగించుకు రావాలి. అక్కడ తల ఎత్తకూడదన్నది ఆ పనిలో మొదట నేర్పే సంగతి. తల ఎత్తినవాళ్ళ గురించి మిల్లులో కథలు చెప్పుకుంటారు.

బయటికి వచ్చి లేచి నిలబడ్డాడు. కనుబొమ్మల మీద, చెవుల అంచుల మీద, మెడ ముడతల్లో తెల్లటి నూగు. నలభై దాటని మనిషి ఆ నూగులో ముసలివాడిలా ఉన్నాడు. దగ్గు వచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఎవరికీ వినబడకుండా దగ్గాడు. అయ్యాసామి పొడుగాటి మనిషి. ఆ పొడుగు ఎవరి కంట్లోనూ పడకుండా నిలబడటం చిన్నప్పుడే తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. భుజాలు ముందుకు దించి, ఒక మోకాలు కాస్త వంచి, మెడ పక్కకు వాల్చి నిలబడతాడు. ఇప్పుడు పడుకున్నా వీపు అలాగే ఉంటుంది.

మేస్త్రి గోవిందరాజ్ వరసల మధ్య నడిచి వస్తున్నాడు. తలకు చుట్టిన తుండు దానంతట అదే అయ్యాసామి చంకలోకి దిగింది.

"ఏరా అయ్యాసామీ, తెలిసిందా? మీ వాద్యారు మూట కట్టేసినాడు. ఈ పొద్దే పొయ్యేది. సాయంత్రం ఉడుమలైపేట బస్సుకంట."

"సరి సామీ."

"నీ బిడ్డ బాగా చెప్పిందిరా. కొంచెం కూడా తడబడలే. మేనేజరే మెచ్చుకున్నాడు."

"అంతా మీ దయ సామీ."

మేస్త్రి ముందుకు సాగాడు. అతని ఇంట్లోనూ తెలుగే, అయ్యాసామి ఇంట్లోనూ తెలుగే. రెండిళ్ళ పెద్దలూ ఏ కాలంలో ఏ దారి పట్టి ఈ కోయంబత్తూరు పక్కకు వచ్చారో ఎవరికీ తెలియదు. మాట ఒకటే అయినా, మేస్త్రి గడప లోపల ఆ మాట ఎలా పలుకుతారో అయ్యాసామి ఎన్నడూ వినలేదు.

అతను మళ్ళీ యంత్రం కిందికి పాకాడు. తడబడలేదన్న మాట వెంట వచ్చింది.

మిల్లు పిల్లలకోసం పెట్టిన పళ్ళికూడంలో పాఠాలు చెప్పడానికి రత్నసభాపతి అనే ఆ వాద్యారు పోయినేడు వచ్చాడు. మదురై తెలుగువాడు. బక్కపలచటి కుర్రవాడు, గొంతు మాత్రం పెద్దది. అంతకుముందు అక్కడ రెండు నీళ్ళ కుండలు ఉండేవి. అయ్యాసామివాళ్ళ కాలనీ పిల్లల కుండ వెనక గోడ దగ్గర, తక్కినవాళ్ళ కుండ వసారాలో. వచ్చిన నెల తిరక్కుండానే ఆయన వెనక కుండను తీయించేశాడు. పిల్లలందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టాడు. ఎవరి ముందూ చేతులు కట్టుకుని నిలబడొద్దన్నాడు. పెద్దవాళ్ళు ఎదురైతే నిటారుగా నిలబడి నమస్కారం పెడితే చాలన్నాడు.

అయ్యాసామి కూతురు జోతిమణి ఆ మాట ఇంటికి తెచ్చింది. తండ్రి పోలికే, వయసుకు మించిన పొడుగు ఆ పిల్లది. ఒక సాయంత్రం వీధి కుళాయి దగ్గర తండ్రితో నిలబడి ఉండగా మేస్త్రి సైకిలు మీద వెళ్ళాడు. అయ్యాసామి వంగాడు. పిల్ల వంగలేదు. మేస్త్రి మలుపు తిరిగాక, బిందెలు పట్టుకున్న ఆడవాళ్ళందరూ వింటుండగా గట్టిగా అడిగింది.

"నువ్వు యాల నాయినా తుండు తీసి చంకలో పెట్టేది? నమస్కారం పెడితే సాలంట. సార్ చెప్పినాడు."

ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. అయ్యాసామి కూతురి చెంప మీద కొట్టాడు. అంతవరకు ఆ పిల్ల మీద చెయ్యి ఎత్తి ఎరగడు. కొట్టిన చేతికి మంట పుట్టింది. అంతకంటే ఆ నవ్వు మండింది. తన బిడ్డ తనను ఎవరి కళ్ళతోనో చూస్తున్నట్టు, ఆ కళ్ళు ఎవడో పరాయివాడు తెచ్చి పెట్టినట్టు అనిపించింది.

సరిగ్గా ఆ మంట మీద ఉండగానే గోవిందరాజ్ కాలనీ మొదటికి వచ్చి, లోపలికి అడుగు పెట్టకుండా, అతన్ని పిలిపించాడు.

"బిడ్డల్ని కన్నది మనమా, ఆ వాద్యారా? ఏం నేర్పాల, ఏం నేర్పగూడదు అనేది మన ఇష్టమా, కాదా? నువ్వే చెప్పురా."

మనం అన్నాడు. అయ్యాసామి పుట్టి బుద్ధెరిగిన తరువాత పెద్దింటి మనిషి ఎవరూ తనను కలుపుకుని మనం అనలేదు. ఆ ఒక్క మాటకు అతని మనసు మెత్తబడింది. మేస్త్రి గొంతు తగ్గించి, వాద్యారు మీద మావాళ్ళ పిల్లలు చెబితే కులం పెట్టుకుని చెబుతున్నారంటారు, నీ బిడ్డ చెబితే మేనేజరు నమ్ముతాడు అన్నాడు. చెప్పించకపోతే ఏమవుతుందో అతను అనలేదు. అనాల్సిన పనీ లేదు.

ఆ సాయంత్రమే పొయ్యి దగ్గర కూతుర్ని కూర్చోబెట్టుకున్నాడు.

"అమ్మ మాట, నాయిన మాట వినొద్దని సార్ చెప్పినాడు. ఇట్ల చెప్పాల. చెప్పు."

"సార్ అట్ల చెప్పలే నాయినా."

"నేను చెప్తా ఉండా గదా. కన్నోడు చెప్తే వినాల్నా, వద్దా?"

పిల్ల పొయ్యిలో నిప్పు వంక చూసింది. తరువాత చెప్పింది. అతను మళ్ళీ చెప్పించాడు. ఎక్కం వల్లె వేసినట్టు వేసింది. అతని భార్య రామాయి వాళ్ళకు వీపు తిప్పుకుని పొయ్యి ఊదుతూనే ఉంది. నిప్పు బాగానే మండుతోంది, అయినా ఊదింది.

మర్నాడు మేనేజరు గదిలో చల్లగా ఉంది. "సొల్లు పాపా, బయప్పడాదే," అన్నాడు మేనేజరు, భయపడకుండా చెప్పమని. జోతిమణి తండ్రి వైపు చూసింది. అతను గడ్డం కొంచెం కిందికి దించాడు. నాయిన మాట వినొద్దని సార్ చెప్పినాడని, నాయిన మాట విని, ఆ పిల్ల చెప్పింది. ఇంకేమైనా చెప్పాడా అని అడిగాడు మేనేజరు. పిల్ల మళ్ళీ తండ్రి వైపు చూసింది. అతను నేర్పింది అంతవరకే.

అతను ఇంకా యంత్రం కింద ఉండగానే మధ్యాహ్నం మిల్లు సంగు కూత పెట్టింది. కూడు తిందామని అయ్యాసామి గేటు దగ్గరికి వచ్చాడు. రోజూ రామాయి తెస్తుంది. ఈ రోజు జోతిమణి మూత గిన్నె పట్టుకుని వస్తోంది. వాద్యారు లేడు కాబట్టి పళ్ళికూడం పొద్దున్నే వదిలేసి ఉంటారు. పోయిన నెలలో ఒకసారి ఇలాగే వచ్చినప్పుడు ఆ పిల్ల వాచ్‌మన్ పక్కనుంచి గిన్నె ఊపుకుంటూ, పరుగులాంటి నడకతో నేరుగా లోపలికి వచ్చేసింది. ఆ రోజు అతను తిట్టాడు.

ఇప్పుడు గేటు పక్కన గోవిందరాజ్ నిలబడి వెత్తిలాకు, వక్క నములుతున్నాడు. పిల్ల అతన్ని చూసింది. దూరంగానే ఆగిపోయింది. గిన్నె నేల మీద పెట్టింది. రెండు చేతులూ రొమ్ముకు కట్టుకుంది. భుజాలు ముందుకు దించి, ఒక మోకాలు కాస్త వంచి, మెడ పక్కకు వాల్చింది. ఉన్న పొడుగంతా ఎక్కడికో పోయింది.

"సామీ, మా నాయినకు కూడు తెచ్చినా."

గోవిందరాజ్ ఎర్రటి పళ్ళతో నవ్వి అయ్యాసామి వైపు తిరిగాడు. "చూసినావా, ఎంత అణకువగా ఉండాదో! కన్నోళ్ళు నేర్పితే బిడ్డలు ఇట్ల ఉంటారు."

అయ్యాసామి పిల్లనే చూస్తున్నాడు. తాను ఎలా నిలబడతాడో అతను ఎన్నడూ చూసుకోలేదు. చూసుకునేంత అద్దం వాళ్ళింట్లో లేదు. ఇప్పుడు ఎర్రటి ఎండలో, గేటు బయట, పరికిణీ కట్టుకుని తానే నిలబడి ఉన్నాడు.

వేపచెట్టు నీడలో కూర్చుని గిన్నె మూత తీశాడు. రాగి సంగటి, చింతకాయ పచ్చడి. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అది అక్కడే ఉండిపోయింది. పిల్ల కొంచెం ఎడంగా నిలబడి గిన్నె కోసం ఎదురుచూస్తోంది.

"కూకో పాపా."

కూర్చుంది.

"సార్ ఈ పొద్దు పోతాండాడంట. చూసొచ్చినావా?"

"లేదు."

"యాల పోలేదు?"

"నువ్వు పొమ్మని చెప్పలేదు గదా."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అది ఉన్నా బాగుండేదని అతనికి అనిపించింది. నీళ్ళు తాగి ముద్ద మింగాడు. మిగిలింది తినలేక మూత పెట్టి ఇచ్చాడు. పిల్ల రెండు చేతులతో గిన్నె అందుకుని, మేస్త్రి ఇంకా అక్కడే ఉన్నందువల్ల గేటుకు దూరంగా చుట్టు తిరిగి వెళ్ళింది.

షిఫ్టు దిగే సంగు ఊదాక అయ్యాసామి తొట్టి దగ్గర ముఖం కూడా కడుక్కోలేదు. ఇంటి దారి వదిలి తిరుచ్చి రోడ్డు వైపు నడిచాడు. ఏం చెప్పాలో అనుకోలేదు. పోవాలని మాత్రం అనుకున్నాడు. ఐప్పసి నెల వాన మబ్బు పడమటినుంచి కమ్ముకొస్తోంది.

బస్సు ఆగే చోట టీ కొట్టు ముందు రత్నసభాపతి ఒక్కడే నిలబడి ఉన్నాడు. పక్కన ఇనప పెట్టె, చాప చుట్టిన పరుపు. పిల్లలెవరూ రాలేదు. రావొద్దని ఇళ్ళల్లో చెప్పి ఉంటారు. ఆయన నల్ల గొడుగు కొట్టు గుంజకు తగిలించి ఉంది.

"రండి అయ్యాసామన్నా," అన్నాడు ఆయన. మిల్లులో, పళ్ళికూడంలో, ఆ చుట్టుపక్కల అతన్ని అన్నా అనే పై కులపు మనిషి ఆయనొక్కడే. "మీరొక్కరన్నా వచ్చినారు. సంతోషం."

అయ్యాసామి కొట్టు అంచున ఆగిపోయాడు. తుండు చంకలో ఉంది, చేతులు రొమ్ము మీద ఉన్నాయి.

"జోతిమణిని ఏమీ అనొద్దు," అన్నాడు వాద్యారు రోడ్డు వైపు చూస్తూ. "నాకు దానిమీద కోపం లేదని చెప్పండి. ఆ మాట బిడ్డ నోట్లో పుట్టే మాట కాదు. ఎవరో పెద్దోళ్ళు నేర్పింటారు."

ఎవరు నేర్పారో ఆయన అడగలేదు. తెలిసి అడగలేదో, తెలియక అడగలేదో ఆ ముఖం చూస్తే అంతు పట్టలేదు.

"సార్..." అన్నాడు అయ్యాసామి.

"నాదీ తప్పుంది అన్నా. అన్నీ బిడ్డలకు చెప్పినాను గానీ, ఒక్కనాడు మీ ఇండ్లకు వచ్చి మీతో కూర్చోలేదు. మీ బిడ్డను తీసుకొచ్చి మీకు ఎదురుగా నిలబెట్టినాను. మీకు ఎట్ల ఉంటుందని ఆలోచించలేదు. నాకు చిన్న వయసు. తెలియలేదు."

నేనే సార్, నేనే నేర్పినా అనే మాట అయ్యాసామి నాలుక దాకా వచ్చింది. ఈయన ఇలా అనకుండా, ఛీ అని ఉంటే ఆ మాట బయటికి వచ్చేదేమో. బస్సు వచ్చి దుమ్ము రేపుతూ ఆగింది. అతను పెట్టె ఎత్తి భుజాన వేసుకుని వెనక నిచ్చెన ఎక్కాడు. మీరెందుకన్నా అని వాద్యారు కింద నుంచి అంటూనే ఉన్నాడు. పెట్టెనూ పరుపునూ బస్సు మీద తాడుతో కట్టాడు. ముడి బాగానే పడింది. ఇంకోసారి బిగించాడు. అక్కడ పైన ఎవరూ లేరు. ఆ మాట కిందికి దిగి చెబుదామనుకున్నాడు.

దిగేసరికి కండక్టరు విజిలు వేశాడు. కిటికీలోంచి వాద్యారు చెయ్యి బయటికి వచ్చింది. తానూ చెయ్యి ఎత్తాలని అయ్యాసామికి తెలుసు. రొమ్ము మీద ముడిపడిన చేతులు విప్పేసరికి బస్సు చింతచెట్ల వరస దాటిపోయింది.

"ఓయ్, వాద్యార్ గొడుగు విట్టుట్టు పోయిట్టారు!" అని టీ కొట్టువాడు అరవంలో అరిచి, మరిచిపోయిన గొడుగు తీసి అతని చేతికి ఇచ్చేశాడు.

కాలనీకి పోవాలంటే నాయుళ్ళ వీధి దాటాలి. వీధి మొదట్లోనే వాన అందుకుంది. అతనివాళ్ళు ఎవరూ ఆ వీధిలో గొడుగు విప్పి నడిచింది లేదు. ఇప్పుడు వద్దనేవాళ్ళు కూడా ఎవరూ లేరు, వానకు తలుపులన్నీ మూసి ఉన్నాయి. అయ్యాసామి గొడుగును చంకలో తుండు పక్కన అదిమి పట్టుకుని, తడుస్తూ నడిచాడు. కనుబొమ్మల మీది నూగు తడిసి చెంపల మీదికి జారింది.

ఇంట్లో రామాయి దీపం వెలిగిస్తోంది. జోతిమణి గడప దగ్గర కూర్చుని ఉంది. తండ్రిని చూసి లేచి నిలబడింది, పక్కకు ఒదిగి.

"సార్ పొయ్యినాడు," అన్నాడు.

పిల్ల గడప వంక చూస్తూ నిలబడింది.

"నీమీద కోపం లేదంట. చెప్పమన్నాడు."

వాన తాటాకు కప్పు మీద పడుతోంది. పిల్ల తల ఎత్తి అతని ముఖంలోకి చూసింది. మేనేజరు గది నుంచి వచ్చాక ఆ పిల్ల తిన్నగా చూడటం ఇదే.

"నీమీద?"

అతను తుండుతో ముఖం తుడుచుకున్నాడు. తుడిచి తుడిచి, చివరకు తుండు దించక తప్పలేదు.

"చెప్పమన్నది నువ్వని చెప్పినావా నాయినా?"

రామాయి చేతిలో అగ్గిపుల్ల కాలి ఆరిపోయింది. చెప్పినానని అనవచ్చు. పిల్ల నమ్మేది. అతను ఏం చెప్పినా నమ్మాలని అతనే నేర్పాడు.

"లేదు పాపా," అన్నాడు. "చెప్పలే."

పిల్ల అతని వైపు అడుగు వేసింది. అతని చంకలోంచి గొడుగు లాగి తీసుకుని, పొడిబట్టతో పిడి తుడిచి, గోడకున్న మేకుకు తగిలించి, లోపలికి వెళ్ళి తల్లి పక్కన గోడ వైపు తిరిగి పడుకుంది.

ముడిచిన గొడుగు మొన నుంచి ఒక్కొక్క చుక్కే జారి, పేడతో అలికిన నేల మీద చిన్న తడి మరకగా విచ్చుకుంటోంది.