రెండు కుర్చీల బాల్కనీ

మాకు పెళ్లయి ఇరవై రెండు రోజులు. అత్తగారింట్లో మా గది ఒక ఇనప బీరువాకి ఇవతల. అవతల మా ఆడపడుచు పరీక్షలకి గొంతెత్తి చదువుతుంటుంది. నేనూ మా ఆయనా కాస్త గట్టిగా నవ్వితే చదువు ఆగిపోతుంది.

"వదినా, ఆ జోకేదో నాకూ చెప్పొచ్చుగా!" అంటుంది బీరువా.

అందుకే ఆ మేడ మీది ఇల్లు చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. రెండు గదులు, రెండు కుర్చీలు పట్టే బాల్కనీ. మూడో కుర్చీకి చోటు లేదు. దాని గొప్పతనమంతా అదే.

కింద ఉండే ఇంటావిడ టైలరు. "ఇంకొకళ్లూ అడుగుతున్నారమ్మా. రేపు సాయంత్రం ఆరింటిలోగా ఏ సంగతో మెసేజ్ పెట్టండి. ఫోన్ మాత్రం చెయ్యకండి, ఈ మిషన్ చప్పుడులో వినపడి చావదు," అని మా ఇద్దరికీ నంబరు చెప్పింది.

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. ఇల్లంతా చూసి "బాగుంది" అన్నాడు. అంతే! మాటలే అంత పొదుపు, మెసేజ్‌లు ఇంకా పొదుపు. "బయల్దేరా." "లేటవుద్ది." ఒక పువ్వు లేదు, ఒక హార్ట్ లేదు. పైగా అన్నీ నెట్ అక్కర్లేని పాతకాలపు మామూలు మెసేజ్‌లే.

"నువ్వు టెలిగ్రామ్‌ల ఆఫీసులో పుట్టావా?" అంటాను.

"లిఫ్టు గోతిలోకి నెట్ రాదే తల్లీ. మామూలు మెసేజ్ అయితే ఎలాగోలా దూరుతుంది," అంటాడు.

నాకు చెప్తాడా! నేను మొబైల్ కంపెనీ సహాయ కౌంటర్లో కూర్చుంటాను. నా తలపైన పెద్ద బోర్డు కూడా ఉంది: "మెసేజ్‌ల గురించి మీ సందేహాలు ఇక్కడ అడగండి."

మర్నాడు పొద్దున బస్సులోనే ఇంటావిడకి ఇల్లు మాకే కావాలని నాలుగు ముద్దుముద్దు వాక్యాలు రాసి, ముందురోజు తీసిన బాల్కనీ ఫొటో తగిలించి పంపేశాను. అదే మా ఆయనకి చాట్‌లో పెట్టాను, పదకొండు హార్ట్‌లతో. సాయంత్రమైనా ఒక్క టిక్కు దగ్గరే ఉంది. చూడను కూడా చూడలేదన్నమాట! మూతి ముడుచుకుని కూర్చున్నాను.

ఐదున్నర దాటాక, రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన కౌంటర్ దగ్గరికొచ్చాడు.

"అమ్మాయ్, పొద్దున మా మనవరాలి ఫొటో మా ఫ్రెండుకి పంపా. రాలేదంటాడు. వాడు అబద్ధాలకోరే అనుకో, కానీ ఒక్కోసారి నిజం కూడా చెప్తాడు."

"ఆయనది బటన్ల ఫోనా తాతగారూ?"

"ఆఁ. దాంతో మేకులు కూడా కొడతాడు."

నవ్వుతూ పాఠం అందుకున్నాను. "మెసేజ్‌లు మూడు రకాలండీ. వట్టి అక్షరాలైతే ఏ ఫోనుకైనా పోతాయి. ఫొటో తగిలించామా, అది వేరే రకమైపోతుంది. పాత బటన్ల ఫోను దాన్ని తీసుకోదు. మూడోది నెట్ మీద నడిచేది. అవతలివాళ్లకి నెట్ లేకపోతే ఒక్క టిక్కు దగ్గరే..."

కుట్టు మిషన్ మీద, కత్తెర పక్కన, ఇంటావిడ ఫోను కళ్లముందు మెదిలింది. బటన్ల ఫోను! అరిగిపోయిన బటన్లు!

"ఆగావేం?"

"మా ఇల్లు పోతోంది తాతగారూ!"

"ఫొటో పంపావా?"

"పంపాను."

ఆయన బోర్డు వంక చూశాడు, నా వంక చూశాడు. "ఆ బోర్డు దించెయ్యమ్మా, నెత్తిన పడగల్దు."

ఆరుకి ఎనిమిది నిమిషాలుంది. గబగబా కొట్టాను: "మేడ మీది ఇల్లు మాకు కావాలి." పువ్వు లేదు, హార్ట్ లేదు.

ఆరు కావస్తుండగా జవాబొచ్చింది. "ఎన్నిసార్లు చెప్తారమ్మా? మీ ఆయన పొద్దున ఏడింటికే పెట్టాడు. ఆ రెండోవాళ్లకి లేదని చెప్పేశా."

తాతగారి ముందే కుర్చీలోంచి ఎగిరాను.

బస్టాపులో మా ఆయన నూనె చేతులతో నిలబడి ఉన్నాడు. "నన్నడక్కుండానే ఒప్పేసుకున్నావా?" అన్నాను, కోపం నటిస్తూ.

"అడగాలా? గదులు రెండు నిమిషాలు చూశావు. బాల్కనీలోంచి పావుగంట కదల్లేదు."

అప్పుడే అతని ఫోనుకి నెట్ తగిలింది. పొద్దున్నించీ దారిలో ఆగిపోయిన పదకొండు హార్ట్‌లూ ఒక్కసారే దిగాయి. అతని చెవులు ఎర్రబడ్డాయి. పక్కనే నిలబడి, నా వంక చూడకుండా, ఏదో కొట్టాడు. నా ఫోను మోగింది. మామూలు మెసేజే.

"కుర్చీలు రెండే కొందాం."