నాలుగు వేళ్ల మరక

సోమవారం పొద్దున్నే టీ తాగి సబ్బక్క చేసే మొదటి పని, చర్చి అయ్యగారి తెల్ల అంగీ నానబెట్టడం. ఆదివారం జనం ఒప్పుకున్న పాపాలన్నీ ఆ అంగీ మీద మరకలై పడతాయి. యాజకుడన్నాక మోయాలి కదా అనుకుంటారు జనం. మోసేది ఆయన, రుద్దేది మాత్రం ఈవిడ! అబద్ధాలు టీ రంగులో ఉంటాయి, గోరువెచ్చని నీళ్లకే పోతాయి. చాడీలు మెడపట్టీని పట్టుకుంటాయి, బ్రష్షు పడాలి. ఏది ఎవరిదో సబ్బక్కకు తెలుసు. ఎవరికీ చెప్పదు, పెదవి విరుస్తుంది అంతే.

ఎడమ భుజం మీది మరక మాత్రం మూడేళ్లుగా పోవడం లేదు. నాలుగు వేళ్లు ఆనించి తీసినట్టుండే ఆ మరక సంఘపెద్దది.

సంఘపెద్దకు కలప మిల్లు ఉంది. పని జోరుగా సాగాలని, చేతులు తెగకుండా అడ్డుండే రంపం మీది రేకు ఆయనే తీయించాడు. ఆ రంపం కిందే సబ్బక్క మొగుడి కుడిచేతి నాలుగు వేళ్లూ పోయాయి. "తాగి పనికొచ్చాడు" అనేశాడు సంఘపెద్ద. టీ కూడా ముట్టని మనిషి! ఆ మాట ఊరంతా పాకి, మళ్లీ ఎవరూ పనివ్వలేదు. ఇన్నాళ్లకు ఒక వడ్రంగి మేస్త్రీ, కలప చూసి ఏరే పనికి రమ్మన్నాడు. కానీ ఆ రోజు తాగలేదని సంఘపెద్ద నోటితో చెప్పాలట, అదీ ఈ ఆదివారం దాటకుండా.

సంఘపెద్ద ఎందుకు చెప్తాడు? ప్రతి వారం మోకరించి దేవుడికైతే చెప్పుకుంటాడు. చెప్పుకుని, చర్చికి ఓ ఫ్యానో నాలుగు కుర్చీలో ఇస్తాడు. వాటి మీద పేరు రాయిస్తాడు, గాలి ఎవరిదో దేవుడికి తెలియదని కాబోలు!

శనివారం అంగీ కోసం వచ్చిన అయ్యగారు భుజం చూసి మొహం చిట్లించాడు.

"సబ్బు మార్చి చూడమ్మా."

"మారాల్సింది సబ్బు కాదు అయ్యగారూ."

"అలా అనకూడదు. ప్రభువు మన బదులు బలి అయ్యాడు. యాజకుడూ ఆయనే, బలీ ఆయనే. ఒక్కసారే, అందరికీ సరిపోయింది."

"మన బదులు ఆయన ప్రాణం పెట్టాడు, కాదనను. మరి మా ఆయన ఎవరి బదులు తాగుబోతయ్యాడు?"

అయ్యగారు అంగీని మళ్లీ ఆమె వైపు జరిపాడు.

"ఇక నేను రుద్దను. మీరే మొయ్యండి" అని అంగీ చేతిలో పెట్టేసింది.

ఆదివారం చూస్తే ఏముంది, అంగీ తిరగేసి తొడుక్కొచ్చాడు మహానుభావుడు! కుట్లు బయటికి, జేబులు సంచుల్లా వేలాడుతూ. 'ఛీ, సిగ్గులేని జన్మ' అనుకుంది సబ్బక్క. మరక లోపలి నుంచి ఊరి, ఇటువైపూ తేలింది.

రొట్టె పంచే వేళ ముందు వరస ముసలమ్మ తర్వాత, మిగతా అందరికంటే ముందు సంఘపెద్ద మోకరించి చెయ్యి చాచాడు. అయ్యగారి చెయ్యి లేవలేదు. భుజం అంత బరువెక్కింది. తలెత్తి వెనక బెంచీ వైపు చూశాడు. సబ్బక్క పక్కన ఆమె మొగుడు, కుడిచెయ్యి జేబులో దాచుకుని కూర్చున్నాడు.

"ఇది నేను మోయలేనండీ, మీదే" అని అయ్యగారు అంగీ విప్పి సంఘపెద్ద చేతిలో పెట్టాడు.

మరక జారి సంఘపెద్ద నాలుగు వేళ్లకూ పట్టింది. వేళ్లు కర్రల్లా బిగుసుకున్నాయి, అయ్యగారు రొట్టె చాపినా అందుకోలేకపోయాడు. "ఆలస్యమైనా సొంత మనిషిని చేరింది" అంది ముందు వరస ముసలమ్మ, తన రొట్టె తాను నములుతూ.

రుమాలుతో ఎంత తుడిచినా పోలేదు. చివరికి లేచి, వెనక బెంచీ దాకా నడిచి, గొణిగాడు. "నువ్వు తాగలేదు. రేకు నేనే తీయించాను."

"వినపడలేదు" అంది సబ్బక్క.

మళ్లీ చెప్పాడు. అదే వరసలో కూర్చున్న వడ్రంగి మేస్త్రీ వైపు తిరిగి మూడోసారి చెప్పాక గానీ వేళ్లు ముడుచుకోలేదు. సబ్బక్క మొగుడు జేబులోంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

సోమవారం పొద్దున్నే అతను పనిలోకి వెళ్లాడు. అంగీ భుజం తెల్లగా ఉంది. సబ్బక్క దాన్ని నానబెడుతుంటే సంఘపెద్ద మనుషులు కొత్త వాషింగ్ మెషిన్ ఒకటి మోసుకొచ్చి గుమ్మంలో దించారు. మూత మీద ఎర్రరంగుతో ఆయన పేరు.

"ఇది దేని బదులటా?" అంది సబ్బక్క. వాళ్లు మూత మీది పేరు చూపించారు. "ఎత్తుకుపొండి. మీ యజమాని మళ్లీ మరక చేసుకుంటే, ఇంట్లో ఆయనే ఉతుక్కుంటాడు."